స్వర్గానికి లోకల్ వకీలు

మాణిక్యమ్మ గారు వీలునామాలో కారం మరను కోడలి పేర రాశారని తెలిసినప్పుడు కొమ్మరవరం ఊరంతా ముక్కున వేలేసుకుంది. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆ కోడలే.

పెళ్లై వచ్చిన నాటి నుంచీ వకుళ ఆ మరలో ముక్కుకి గుడ్డ కట్టుకుని మిరపకాయలు ఆడించింది. అత్తగారు కాటా పక్కన కుర్చీలో కూర్చుని పేరు సంపాదించారు. ఊళ్లో అందరూ దాన్ని మాణిక్యమ్మ మర అనేవారు తప్ప, ఆడించే మనిషికీ ఒక పేరుందన్న సంగతి ఎవరికీ పట్టలేదు. "ఇదిగో అమ్మాయ్" అన్నదే ఆ మరలో వకుళ పేరు. అటువంటిది, పెద్దావిడ ఎవరితోనూ చెప్పకుండా రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లి, "నా కారం మర నా కోడలు వకుళకు చెందవలెను. నా కుమారునికి ఇచ్చినచో అమ్ముకొని కూర్చొనును" అని రాయించి వచ్చారు. కుమారుడు సుందరం ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, "అమ్మకి నా మీద ఎంత నమ్మకమో చూశావా" అని కాగితం భార్య చేతిలో పెట్టి, కాఫీ ఉందా అని అడిగాడు.

వకుళ మర తెరవడానికి వెళ్లేసరికి కరెంటు లేదు. పెద్దకర్మ భోజనానికి వచ్చి గారెలు బాగున్నాయని మెచ్చుకుని మరీ తిన్న లైన్‌మనే, చెయ్యి కడుక్కుని వెళ్తూ వెళ్తూ ఫ్యూజు పీక్కుని వెళ్లాడు.

"మీటరు పెద్దమ్మ గారి పేరు మీదుంది కదమ్మా. ఆవిడ లేరు. లేని మనిషికి కరెంటు ఎలా ఇస్తాం? వారసత్వం ఆఫీసు నుంచి హక్కు పత్రం తెచ్చుకోండి, క్షణంలో వచ్చి పెట్టేస్తాను" అన్నాడు నొచ్చుకుంటూనే.

అది మిరపకాయల కాలం. ఏ డాబా మీద చూసినా ఎర్రగా ఎండబోసి ఉన్నాయి. ఇంకొన్నాళ్లలో మామిడికాయలు దిగుతాయి, ఆవకాయలకి కొత్తకారం కావాలి. ఏడాది మొత్తం మీద మరకి కండ పట్టేది అప్పుడే. పక్కనున్న దుగ్గిపాడులో ఎవరో కొత్త మర పెట్టారని, గంటె కారం ఎక్కువే తూస్తున్నారని అప్పుడే కబురు వచ్చింది. కారం మర విషయంలో ఆడవాళ్లు ఒకసారి మనసు మార్చుకున్నారంటే మళ్లీ వెనక్కి రారు. ఆవకాయల లోపల తలుపు తెరవకపోతే అత్తగారు తనకి ఇచ్చింది నాలుగు గోడలూ ఒక ఇనపముక్కే అవుతుందని వకుళకి తెలుసు.

వారసత్వ పరిష్కార కార్యాలయానికి ఆ ఏడాది స్థానికత పూనింది. ఎక్కడి వస్తువులు అక్కడే, ఎక్కడి సేవలు అక్కడే అని పైనుంచి ఒక ఉత్తర్వు రావడమే తడవు, ఆఫీసు గుమ్మానికి 'స్థానికమే సర్వస్వం' అని గుడ్డ కట్టారు. అధికారి కుర్చీని ఊరి వడ్రంగి చేశాడు, ఒక కాలు పొట్టిది. గోడ గడియారం ఎప్పుడో ఆగిపోయింది. అడిగితే అది స్థానిక కాలం చూపిస్తోందని చెప్పారు. గడియారం కింద పెద్ద అక్షరాలతో నిబంధన అంటించి ఉంది: 'మృతుల ఆస్తి పరిష్కారమునకై దరఖాస్తులు, మృతుల నివాసమునకు స్థానికుడైన న్యాయవాది ద్వారా మాత్రమే స్వీకరించబడును.'

"ఓస్, ఇంతేనా" అనుకుంది వకుళ. వాళ్ల ఇంటికి మూడో ఇంట్లోనే వకీలు గంగాధరం ఉన్నాడు. సుందరానికి వరసకి బాబాయి.

"నాకంటే లోకల్ ఎవడుంటాడే" అన్నాడు గంగాధరం నల్లకోటు దులుపుకుంటూ. "మీ ఇంట్లో తాలింపు వేస్తే మా ఇంట్లో తుమ్ముతాం." ఆ సాయంత్రమే కూర్చుని, వదినగారి మీద ఉన్న గౌరవమంతా పోసి దరఖాస్తు రాశాడు. 'స్వర్గస్థురాలైన శ్రీమతి మాణిక్యమ్మ గారి కోడలగు వకుళ సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా' అని మొదలుపెట్టి, చదివి వినిపించేటప్పుడు తనే కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

అధికారి విశ్వంభరం గారు ఆ దరఖాస్తు మొదటి వరస దగ్గరే ఆగిపోయారు. ఆయన కుర్చీ పొట్టికాలి వైపు ఒరిగి ఉంది కాబట్టి ఆయన ఎవరితో మాట్లాడినా ఏదో రహస్యం చెబుతున్నట్టు ఉంటుంది.

"న్యాయవాది గారూ, తమ నివాసం ఎక్కడ?"

"మాణిక్యమ్మ గారి ఇంటికి మూడో ఇల్లండి."

"ఆమె నివాసం ఎక్కడ?"

"నివాసం ఏమిటండీ, ఆవిడ స్వర్గస్థులయ్యారు."

"నేనూ అదే మనవి చేస్తున్నాను" అన్నారు విశ్వంభరం గారు మెత్తగా. "గ్రామస్థుడు అంటే ఎవరు? గ్రామమందు ఉండువాడు. గృహస్థుడు అంటే? గృహమందు ఉండువాడు. మరి స్వర్గస్థురాలు అంటే? తమరే స్వహస్తంతో ఆమె నివాసాన్ని స్వర్గంగా నమోదు చేశారు. తమ నివాసం కొమ్మరవరం. తమరు స్థానికులు ఎలా అవుతారు?"

ముప్ఫయ్యేళ్ల ప్రాక్టీసులో ప్రత్యర్థి వకీళ్లు గంగాధరాన్ని చాలా అన్నారు గానీ, లోకల్ కాదని ఎవరూ అనలేదు.

"అది మర్యాదకి రాసిన మాటండీ. కొట్టేసి ఇంకో మాట రాస్తాం, ఇలా ఇవ్వండి" అంది వకుళ.

"కొట్టివేత కుదరదమ్మా. ఒకసారి నమోదైన నివాసాన్ని మార్చాలంటే, మార్చుకొనుటకు ఆ నివాసి సంతకం కావాలి. ఆమెను ఒకసారి తీసుకురండి" అన్నారాయన. ఆయన ముఖంలో వెటకారం లేదు. అది చూసే వకుళకి భయం వేసింది.

బయట వరండా నిండా ఇలాంటివాళ్లే ఉన్నారు. ఎస్తేరమ్మ అనే టీచరమ్మ వాళ్ల నాన్నగారు 'ప్రభువునందు నిద్రించిరి' అని రాసిచ్చింది. నిద్రలో ఉన్న వ్యక్తి ఆస్తికి వారసత్వం వర్తించదు, లేచిన పిమ్మట స్వయంగా హాజరు కావలెను అని తిప్పి పంపారు. "లేచే రోజు ఉందని మేమూ నమ్ముతామమ్మా. ఆ రోజున ఎవరికీ స్థలం కాగితాలతో పని ఉండదు కదా" అంది ఆవిడ. ఒక షావుకారు తండ్రి 'శివైక్యం' చెందారు. శివుడిలో ఐక్యమైనవాడి ఆస్తి శివుడిదే కనుక, ఆయన కిరాణాకొట్టు ఫైలు దేవాదాయ శాఖకి వెళ్లిపోయింది. వరండా చివర ఒక మనిషి ఎవరితోనూ మాట్లాడకుండా గోడకి ఆనుకుని ఉన్నాడు. ఆయన చదువుకున్నవాడు కావడంతో తండ్రిగారిని 'కీర్తిశేషులు' అని రాశాడు. కీర్తి మాత్రమే శేషముగా గలవాడు అని అర్థం తీసి, శేషించిన ఆస్తి ఏమీ లేనట్టుగా దరఖాస్తుదారుడే ఒప్పుకున్నాడని ఫైలు మూసేశారు.

"మా నాన్న పొలం ఎక్కడికి పోయిందమ్మా" అని వకుళని అడిగాడు.

మర్నాడు గంగాధరం వకుళని వెంటబెట్టుకుని బార్ అసోసియేషన్ గదికి వెళ్లాడు. స్వర్గానికి లోకల్ వకీలు కావాలి, మనలో ఎవరైనా ఉన్నారా అని అడిగితే గదంతా కాసేపు నవ్వింది. "నరకానికైతే నలుగురి పేర్లు ఇక్కడికిక్కడే చెబుతాను. స్వర్గమంటే కష్టం గంగాధరం" అన్నాడో సీనియరు. "మన వృత్తిలో అటు పోస్టింగులు తక్కువ."

ఆ నవ్వులో కలవనివాడు ఒక్కడే. మూల కుర్చీలో దక్షిణామూర్తి అనే కుర్ర వకీలు గోళ్లు చూసుకుంటూ ఆలోచిస్తున్నాడు. కోటు కుట్టించుకున్న తర్వాత అతని దగ్గరికి ఒక్క కేసూ రాలేదు. ఏరు ఒడ్డున మున్సిపాలిటీ వారి శ్మశానానికి పదేళ్ల కిందటే 'స్వర్గపురి' అని పేరు పెట్టి, సిమెంటు తోరణం కట్టి, దానికి ఇద్దరు గంధర్వుల బొమ్మలు కూడా అతికించారు. తోరణానికి ఎదురుగా పాడెలకి వెదుళ్లు, కొత్త కుండలు అమ్మే కొట్టు పక్కన ఒక గది ఖాళీగా ఉంది. దక్షిణామూర్తి ఆ గది తీసుకుని, మున్సిపల్ ఆఫీసులో 'వీరు స్వర్గపురి వాస్తవ్యులు' అని ధ్రువపత్రం పుట్టించుకున్నాడు. వారం తిరక్కుండా బోర్డు లేచింది: 'ఎస్. దక్షిణామూర్తి, బి.ఎ., ఎల్.ఎల్.బి., స్వర్గానికి లోకల్ వకీలు.'

విశ్వంభరం గారు ఆ ధ్రువపత్రాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, "ఎట్టకేలకు ఒక అర్హుడు" అన్నారట.

అంతే, బార్ అసోసియేషన్ సగం ఖాళీ అయింది. స్వర్గపురి దారికి రెండు పక్కలా నల్లకోట్లే. వెదుళ్ల కొట్టువాడు వ్యాపారం మానేసి కొట్టుని నాలుగు గదులుగా చేసి నలుగురు వకీళ్లకి ఇచ్చాడు. జెరాక్సు మిషను వచ్చింది, టీ బడ్డీ వచ్చింది. శవాన్ని మోసుకొచ్చేవాళ్లు ఒక్క క్షణం భుజం మార్చుకుందామని ఆగితే చాలు, ఎవరో ఒక గుమస్తా పక్కనే నడుస్తూ, "వీలునామా ఉందా అండీ? లేకపోయినా ఫర్వాలేదు, మా సారు చూసుకుంటారు" అని చెవిలో చెప్పేవాడు. ఒకసారి కొరివి పట్టుకుని వెళ్తున్న కొడుకు చేతిలో విజిటింగ్ కార్డు పెట్టారు. అతను రెండో చేత్తో దాన్ని జాగ్రత్తగా జేబులో వేసుకున్నాడు. అవసరం అలాంటిది.

"మీరు కూడా వెళ్లవచ్చు కదా మావయ్యా" అంది వకుళ గంగాధరంతో.

"నేను రానమ్మా. టైమొచ్చినప్పుడు ఎలాగూ తీసుకెళ్తారు. అంతదాకా ఈ వీధిలోనే నాన్‌లోకల్‌గా ఉంటాను" అన్నాడాయన రోషంగా.

వకుళ వెళ్లింది. మరీ పొద్దున్నే వెళ్తే బాగుండదని, స్నానాల సమయం దాటాక, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వెళ్లింది. దక్షిణామూర్తి గది ముందు మనుషులు బారులు తీరి ఉన్నారు. కిటికీలోంచి పొగ వస్తుంటే అతను దరఖాస్తులతోనే విసురుకుంటున్నాడు.

"అత్తగారి పేరు? మాణిక్యమ్మ. నివాసం స్వర్గం. వెరీగుడ్, చాలా క్లియర్‌గా ఉందండి మీ కేసు. శివైక్యం వాళ్లతోనే చచ్చే చావుగా ఉంది, వాళ్లకి కైలాసం లోకల్ కావాలంటున్నారు" అన్నాడు సంతకం పెడుతూ.

ఈసారి విశ్వంభరం గారు దరఖాస్తు తీసుకున్నారు. ముద్ర వేశారు. వకుళ గుండెలో మర తిరగడం మొదలుపెట్టింది.

"ఇక హక్కు పత్రం ఎప్పుడిస్తారండీ?"

"స్థల విచారణ పూర్తి కాగానే. మా విచారణాధికారి మృతురాలి నివాసానికి వెళ్లి, ఇరుగుపొరుగు ఇద్దరి వాంగ్మూలం తీసుకుని, పంచనామా రాసుకుని వస్తారు."

"మా ఇంటికా అండీ?"

"మీ ఇంట్లో ఆమె లేరు కదమ్మా."

"స్వర్గపురికా?"

విశ్వంభరం గారు ఓపిగ్గా నవ్వారు. "స్వర్గపురి స్వర్గానికి ముఖద్వారం. న్యాయవాదికి ముఖద్వారం చాలునని ఉత్తర్వు ఉంది. విచారణాధికారి మాత్రం లోపలికి వెళ్లవలసి ఉంటుంది." అని గంట కొట్టి, విచారణాధికారి చలమయ్యను పిలిచి, ప్రయాణపు ఉత్తర్వు అక్కడికక్కడే రాయించారు.

చలమయ్య రిటైరుమెంటుకి దగ్గర పడినవాడు. ఉత్తర్వును అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"వెళ్లడానికి నాకు అభ్యంతరం లేదు సార్. ప్రభుత్వం ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాను, మన్యంలో కూడా చేశాను. కానీ రానుపోను ఉత్తర్వు ఇప్పించండి. ఇందులో పోను మాత్రమే ఉంది."

"తిరుగు ప్రయాణానికి మంజూరు చేసే అధికారం నా స్థాయిలో లేదయ్యా."

"అయితే నాకు నడుం నొప్పి సార్" అన్నాడు చలమయ్య, నడుం పట్టుకుని నిలబడి.

మర్నాటికి ఆఫీసులో అందరికీ నడుం నొప్పి. సీనియర్ అసిస్టెంటుకీ, జూనియర్ అసిస్టెంటుకీ, పెళ్లి కుదిరిందని మిఠాయి పంచిపెట్టిన టైపిస్టుకీ. పరీక్ష చేసిన డాక్టరు ఇది అంటువ్యాధేమోనని తన నడుం కూడా ఒకసారి నొక్కి చూసుకున్నాడట. విశ్వంభరం గారు మాత్రం చలించలేదు. ఒక్క స్థల విచారణ కోసం వ్యవస్థ ఆగకూడదని, తగిన అధికారిని నియమించవలసిందిగా కోరుతూ రాజధానిలోని పెద్ద కార్యాలయానికి రాసి పంపారు. స్థానికత విషయంలో తమ ఆఫీసు ఎంత దూరం వెళ్లడానికైనా సిద్ధంగా ఉందని చివర ఒక వాక్యం కూడా చేర్చారు.

పెద్ద కార్యాలయం ఆ వాక్యాన్ని మెచ్చుకుంది. ఇటువంటి నిబద్ధత అరుదని, ఈ బాధ్యతకు విశ్వంభరం గారినే నియమిస్తున్నామని, వెంటనే బయలుదేరవలసిందని, బయలుదేరిన వెంటనే ఆ స్థానం ఖాళీ అయినట్టు పరిగణించి చలమయ్యకు బాధ్యతలు అప్పగించవలసిందని జవాబు వచ్చింది. చలమయ్య నడుం నొప్పి ఆ మధ్యాహ్నానికే తగ్గిపోయింది. సిబ్బంది ఘనంగా వీడ్కోలు ఏర్పాటు చేశారు. గుర్తుగా ఉంటుందని అధికారిగారి ఫొటో ఒకటి పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, దండకి కొలత తీసుకున్నారు.

ఇదంతా వకుళకి తెలియదు. ఆమె మర గుమ్మంలో కూర్చుని, బస్సెక్కి దుగ్గిపాడు వెళ్తున్న ఆడవాళ్ల సంచులు చూస్తూ ఉంది. పొద్దుటి బస్సుకి పక్కింటి పార్వతమ్మ, మిరపకాయల సంచి చీర కొంగు కింద దాచుకుని, "డాక్టరు దగ్గరికి వెళ్తున్నా వకుళా" అని చెప్పి వెళ్లింది. సంచి ఘాటుకి ఇద్దరూ తుమ్మారు.

ఆ వేళప్పుడు ఒకావిడ రిక్షా దిగింది. నిండుగా పసుపు రాసుకున్న ముఖం, చేతిలో పెద్ద సంచి.

"ఇది మాణిక్యమ్మ మరేనా?"

"మర ఆడటం లేదండీ. కరెంటు లేదు" అంది వకుళ.

"తెలుసు. వకుళ అంటే నువ్వేనా? నీ ఫైలు మీదేనటమ్మా, మా ఆయన్ని స్వర్గానికి పంపించేస్తున్నారు." ఆవిడ సంచి కింద పెట్టి గుమ్మంలోనే కూలబడింది. విశ్వంభరం గారి భార్య సువర్చల ఆవిడ.

వకుళ కంగారుగా మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. "నేనేమీ పంపమనలేదండీ. మర తెరిపించమన్నానంతే."

"నువ్వెందుకు పంపుతావు. ఆయనే సరదా పడ్డారు. ఇంట్లోనూ ఇంతే. వంటింట్లో ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాసి ఉండాలి. లేకపోతే అందులో ఉన్నది ఉప్పు కాదంటారు." ఆవిడ నీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టింది. "నిన్న రాత్రి పెట్టె సర్దమన్నారు. ఎన్నాళ్లకి సర్దమంటారండీ అంటే, ఉత్తర్వులో లేదే అంటారు. ఉన్ని స్వెట్టరు పెట్టనా వద్దా అంటే, వాతావరణ శాఖని అడగాలంటారు. మొదటిసారి ఆ మొహంలో కొంచెం భయం కనిపించింది నాకు. అదే అదనని పట్టుకున్నాను. ఏమండీ, ఆ పిల్ల అత్తగారు ఎక్కడుందో చూసి రావడానికి మీరు వెళ్తే, మీరు ఎక్కడున్నారో చూసి రావడానికి ఎవర్ని పంపుతారు అన్నాను. రాత్రంతా నిద్రపోలేదు."

"ఇప్పుడేమంటారు?"

"నిన్ను తీసుకురమ్మన్నారు. రిక్షా ఆపే ఉంచాను. అన్నట్టు ఈ మిరపకాయలు ఇక్కడే పెట్టి వస్తాను. దుగ్గిపాడు వెళ్లే ఓపిక నాకు లేదు."

విశ్వంభరం గారు ఒక్కరాత్రిలో చిక్కిపోయారు. ఆఫీసు గదిలో ఆయన వెనక బల్ల మీద, ఫ్రేము కట్టిన ఆయన ఫొటో గోడకి ఆనించి ఉంది. ఆయన దానివైపు చూడకుండా కూర్చున్నారు.

"వకుళమ్మ గారూ, స్వర్గస్థురాలు అనునది మర్యాదా వాచకము మాత్రమేననియు, నివాస వాచకము కాదనియు నేను స్వయంగా నిర్ధారిస్తూ ఇప్పుడే ఉత్తర్వు జారీ చేశాను. నివాసి సంతకం అక్కర్లేదు, స్థల విచారణా అక్కర్లేదు. వకీలుగా మీ మూడో ఇంటాయన చాలు. ఆయన్ని రేపు సంతకం పెట్టమనండి. మీరు మాత్రం ఇప్పుడే, ఇక్కడే, సరైన మాటతో దరఖాస్తు రాసివ్వండి."

"కాలం చేశారు అని రాయనా అండీ?"

"వద్దమ్మా. ఏమి చేసినారు అన్న గడిలో అది వృత్తి కింద పడుతుంది."

"కన్నుమూశారు?"

"కంటి ఆసుపత్రి ధ్రువపత్రం అడగాలి. పోయిన నెలలో నేనే ఉత్తర్వు ఇచ్చాను."

"పోయారు?"

"ఎక్కడికి?" అని అలవాటుగా అనేసి, నాలుక కరుచుకున్నారాయన. భార్య వెనకనుంచి ఆయన వైపు ఒక చూపు చూసింది.

"పోనీ, చనిపోయారు అని రాస్తాను. అందరూ రాసేదే కదా."

ఆయన ముఖం విప్పారింది. కానీ అంతలోనే ముడుచుకుపోయింది. "చను అంటే వెళ్లు అని అర్థం. చిన్నప్పుడు బడిలో చదువుకున్నాను. చని, అంటే వెళ్లి. వెళ్లి, పోయారు. ఇందులో ఆమె రెండుసార్లు వెళ్లారమ్మా. పెద్ద కార్యాలయంలో తెలుగు వచ్చినవాడు ఒక్కడున్నా నన్ను రెండుసార్లు పంపిస్తాడు."

ఇంకొక మాట మిగిలింది. అది ముగ్గురికీ తెలుసు.

"ఆ మాటలో, పోయేలోపే మనిషి అయిపోతుంది. దానికి చిరునామా లేదు" అన్నారు విశ్వంభరం గారు చివరికి, గొంతు తగ్గించి. "మీ చేత్తోనే రాయాలి. నేను చెప్పకూడదు."

వకుళ కలం తీసుకుంది. అత్తగారిని పేరు పెట్టి కూడా ఎన్నడూ అనని మనిషి. ఆ మాట కాగితం మీద ఎలా పెడుతుంది? ఆవిడ మాత్రం దాన్ని నోట్లో తమలపాకులా నమిలేవారు. పొద్దున్న లేస్తే, నేను చచ్చాక తెలుస్తుందే నీకు. మధ్యాహ్నం కాటా దగ్గర, నేను చచ్చాక ఎవరు చూస్తారే ఇదంతా. రాత్రి పడుకునే ముందు, చస్తే పీడా వదులుతుంది నీకు. విని విని వకుళకి అది మాటలాగే వినిపించడం మానేసింది. ఆవిడ పోయినప్పటి నుంచీ ఆ మాట ఇంట్లో ఎవరూ పలకలేదు. కర్మలన్నాళ్లూ వంటలూ, వచ్చేపోయేవాళ్లూ. ఆ తర్వాత ఈ ఆఫీసు. ఇన్నాళ్లూ అందరూ ఆవిడ నివాసం గురించీ, ఇరుగుపొరుగు గురించీ, సంతకం గురించీ మాట్లాడుతూ ఉంటే, ఎక్కడో ఉన్నారనే, వెతికితే దొరుకుతారనే, దొరికితే విసుక్కుంటూ అయినా వచ్చి వేలిముద్ర వేసి వెళ్తారనే తనకీ అనిపిస్తూ వచ్చింది.

'మా అత్తగారు మాణిక్యమ్మ గారు చచ్చిపోయారు' అని రాసింది.

ఇంతమంది అధికారులు కలిసి వెతికి, తీరా తేల్చింది ఇది. ఆవిడ ఎక్కడా లేరు.

సువర్చల వెనకనుంచి వచ్చి తన కొంగు అందించింది. వకుళ ముఖం తుడుచుకుని, సంతకం చేసింది. విశ్వంభరం గారు ఆ కాగితం మీద ముద్ర వేశారు. ముద్ర కొంచెం వంకరగా పడింది. ఆయన దాన్ని సరిచేయలేదు.

గంగాధరం మర్నాడు సంతకం పెట్టి, తను మళ్లీ లోకల్ అయ్యానని వీధిలో ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్నాడు. స్వర్గపురిలో నల్లకోట్లు ఒక్కొక్కటే మళ్లీ కోర్టు దారి పట్టాయి. దక్షిణామూర్తి మాత్రం అక్కడే ఉన్నాడు. గది కలిసొచ్చిందన్నాడు. ఎస్తేరమ్మ వాళ్ల నాన్నగారిది, వరండా చివర మనిషి తండ్రిగారిది, అందరివీ అదే మాటతో రాసి అదే రోజుల్లో పరిష్కారమైపోయాయి. ఆ ఆఫీసులో అంత మోటు మాట అన్నిసార్లు రాయడం అదే మొదలు. రాసిన ప్రతి ఒక్కరూ రాసేముందు కాసేపు ఆగారని, ఆ కాసేపూ వాళ్లని తొందరపెట్టలేదని చలమయ్య తర్వాత ఎవరితోనో చెప్పాడట.

ఫ్యూజు పెట్టిన రోజున మొదటి వాయి సువర్చల గారిదే. వకుళ తొట్టి నింపి, మీట నొక్కింది. బెల్టు ఒకసారి గింజుకుని తిరగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు విని వీధిలో నలుగురైదుగురు సంచులతో వచ్చి నిలబడ్డారు. వాళ్లలో పార్వతమ్మ కూడా ఉంది, డాక్టరు సంగతి ఎవరూ అడగకుండా కాస్త వెనగ్గా.

సువర్చల వేడివేడి కారం రెండు వేళ్లతో తీసి, నలిపి, వెలుతురుకి చూసింది.

"రంగు తేలింది కానీ వకుళా, ఇంకొక్క వాయి తిప్పాల్సింది. మీ అత్తగారిని పిలిచి అడగరాదూ, ఎలా ఆడించేవారో" అని అనేసి, తను అన్నదేమిటో తట్టి ఆగిపోయింది.

వరసలో ఉన్నవాళ్లు ఇబ్బందిగా కదిలారు. వకుళ ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందికి లాగింది.

"ఆవిడ చచ్చిపోయారండీ" అంది, మర చప్పుడుకి మించి వినబడేలా. "ఇక మీకు తిట్టాలనిపిస్తే నన్నే తిట్టాలి. ఇలా ఇవ్వండి, ఇంకో వాయి వేస్తాను."